పెద్దిరాజు గారి చీకటి అరుగు

నరసాపురం రేవు వీధిలో పెద్దిరాజు గారికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. లైటు వెలుగుతూ కనిపిస్తే ఆయన చెయ్యి ఆగదు. గోడ ఎవరిది, స్విచ్చు ఎవరిది అన్న విచారణ ఏమీ ఉండదు. టక్కున ఆర్పేసి, చంకలోంచి ఈ-రీడరు తీసి, ఆ పలక వెలుతురు మొహాన పడేట్టు పట్టుకుని నవల చదవడం మొదలుపెడతారు.

పళ్ల డాక్టరు దగ్గర నోరు తెరుచుకుని పడుకుని, చెయ్యి చాచి మొహం మీది లైటు ఆర్పేసిన ఘనుడు ఆయన. ఆ చీకట్లో డాక్టరు పక్క పన్ను పీకేశాడని వీధిలో చెప్పుకుంటారు. వీరబ్రహ్మం గారి అమ్మాయి పెళ్లిలో భోజనాల బంతి సాగుతుండగా హాల్లో లైట్లన్నీ ఆర్పేస్తే, వడ్డించేవాడు పులిహోర మీద పాయసం పోసుకుంటూ పోయాడు. మగపెళ్లివారు అది మన జిల్లా మర్యాద కాబోలనుకుని మారు వడ్డించుకున్నారట. ఈ రెండు కబుర్లూ ఊళ్లో పుట్టించింది సురేష్‌బాబే. అయినా వాటిలో కనీసం లైటు ఆర్పిన ముక్క నిజం.

సురేష్‌బాబుది పెద్దిరాజు గారి ఇంటికి సరిగ్గా ఎదురుగా ఎలక్ట్రికల్ షాపు. లైట్లు అమ్ముకునేవాడికి లైట్లు ఆర్పేవాడు ఎదురిల్లయితే ఆ బతుకు ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? పాలిటెక్నిక్ రెండో ఏడులో మానేశాడు అతను. తనకి చెప్పడానికి లెక్చరర్ల దగ్గర ఏమీ మిగల్లేదని, ప్రిన్సిపాలే చెయ్యి పట్టుకుని గేటు దాకా సాగనంపాడని అంటాడు. షాపు బోర్డు మీద పెద్ద అక్షరాలతో 'ఒకసారి వెలిగితే ఆరదు' అని రాయించి, దాని చుట్టూ రంగు లైట్లు తిప్పాడు. తన షాపు సరుకు ఇంతవరకు ఒక్కటి కూడా పాడై వెనక్కి రాలేదన్నది అతను రోజుకి పదిసార్లు చెప్పే మాట. షాపు తెరిచిన రోజున ఫ్లడ్ లైటు వేస్తే ఏటి అవతల సఖినేటిపల్లిలో కోళ్లు కూశాయట, సముద్రం మీంచి వచ్చే పడవ ఒకటి అంతర్వేది లైట్‌హౌసు ఇదేననుకుని దారి తప్పిందట. ఆ పడవవాళ్లు తిట్టిన తిట్లు కూడా అతనికి కంఠస్థం.

అలాంటివాడికి గుండెలో ముల్లు ఒకటుంది. ఇంట్లో పద్నాలుగు ఎల్ఈడీ లైట్లు పెట్టుకుంటే, కన్నతల్లి అచ్చాయమ్మ గారు సందెవేళ అయ్యేసరికి లేసు సంచీ పట్టుకుని, వాటన్నిటినీ వదిలేసి, పెద్దిరాజు గారి చీకటి అరుగు మీదకి వెళ్లి కూర్చుంటుంది. ఆవిడతో పాటు లోవలక్ష్మి, ఇంకో నలుగురు ఆడవాళ్లు. ఆ అరుగు మీద బల్బు హోల్డరుంది, బల్బు లేదు. పెద్దిరాజు గారు రీడర్లోని డిటెక్టివ్ నవల పైకి చదువుతూ ఉంటే, వాళ్లు వింటూ చేతి అలవాటు మీద లేసు అల్లుతారు. నవల్లో ఎవరో చచ్చిపోతే తల్లి కిలకిలా నవ్వడం సురేష్‌బాబుకి షాపులోకి వినిపిస్తుంది. కొడుకు చెప్పిన ఏ కబురుకీ ఆవిడ అలా నవ్వి మూడేళ్లవుతోంది.

పెద్దిరాజు గారు రేవులో ఏరు దాటించే పంటు టికెట్లు చింపుతూ రిటైరైన మనిషి. రీడరు ఆయనకి విశాఖలో ఉన్న కూతురు శ్రీదుర్గ కొనిచ్చింది. దాన్ని ఎవరైనా ట్యాబు అంటే ఆయనకి ఒళ్లు మండుతుంది. సురేష్‌బాబు ట్యాబు అనే అంటాడు.

"మావయ్యా, మీ ట్యాబుకి చీకటి అక్కర్లేదండి. దాని తెర కాయితం లాంటిది. వెలుతురెంత ఉంటే అంత బాగా కనిపిస్తుంది. పెట్టె మీద రాసుంది, నేనే చదివాను" అన్నాడొకసారి, వీధంతా వినేలా.

"ట్యాబు కాదురా, రీడరు" అన్నారు పెద్దిరాజు గారు తల ఎత్తకుండా. "పెట్టెల మీద రాసినవన్నీ నిజమైతే నీ బల్బులు పదేళ్లు వెలగాలి కదరా."

అరుగంతా నవ్వింది. అందరికంటే ఎక్కువ అచ్చాయమ్మ గారే నవ్వింది. ఆ పూట సురేష్‌బాబుకి అన్నం సయించలేదు. ఆ నవ్వు చాలాకాలం అతని నోట్లో వేపాకు నమిలినట్టే ఉండిపోయింది.

ఆ మధ్య లేసు ఏజెంటు ఉదయభాస్కర్ గారి దగ్గర్నుంచి కంప్లయింట్లు మొదలయ్యాయి. ఆయన పదిహేను రోజులకోసారి వచ్చి అల్లినవన్నీ ఒకే సంచీలో వేసుకుని పోతాడు. అంచుల్లో గళ్లు తప్పుతున్నాయని, పువ్వుకి ఆరు రేకులుండాల్సిన చోట ఐదే ఉంటున్నాయని ముక్కలు విసిరికొట్టాడు. ఆడవాళ్లందరూ ఒక్క గొంతుతో పెద్దిరాజు గారి మీద పడ్డారు. ఈయన లైటు వెయ్యనివ్వడండి, మేమేం చెయ్యమండి అని లోవలక్ష్మి చేతులు తిప్పింది. పెద్దిరాజు గారు ఒక్క మాట కాదనలేదు. నాకు వెలుతురు పడదు, పుస్తకం ముఖ్యం, లేసు తర్వాత అన్నారు. ఏజెంటు ఆయన్ని అనరాని మాటలన్నాడు. అదంతా షాపులోంచి విని సురేష్‌బాబు ఒక కూల్‌డ్రింకు తాగి సంబరం చేసుకున్నాడు.

ఏజెంటు చివరికి ఒక మాట చెప్పి వెళ్లాడు. వచ్చే శుక్రవారం తన కళ్లెదుట ఒక్కొక్కరూ అల్లి చూపించాలి, చెయ్యి తప్పినవాళ్ల పేరు పుస్తకంలోంచి కొట్టేస్తాడు.

సురేష్‌బాబుకి అది పండగ కబురైంది. తల్లి చేతిపని గురించి అతను చెప్పుకున్నంతగా ఎవరూ చెప్పుకోలేదు. పూర్వం ఆవిడ అల్లిన నెమళ్ల దుప్పటి ఓడెక్కి పరదేశం పోయిందని, అక్కడి దొరసాని దాని మీద భోజనం పెట్టడానికి మనసొప్పక నెల రోజులు పస్తులుందని వచ్చిన ప్రతి కస్టమరుకీ చెబుతాడు. అలాంటి తల్లి పని ఏజెంటు చీకట్లో చూడటమేంటి? శుక్రవారం ఆ అరుగుకి తన ఖర్చుతో లైటు పెడతానన్నాడు. లోవలక్ష్మి వద్దులే బాబూ అంది. మిగతావాళ్లూ వద్దన్నారు. వాళ్లు మొహమాటపడుతున్నారనుకున్నాడు.

శుక్రవారం సందెవేళకి రెండొందల వాట్ల ఫ్లడ్ లైటు పెద్దిరాజు గారి చూరుకి వేలాడదీసి, ఆయన ఇంటి ప్లగ్గులోకే వైరు లాగాడు. పెద్దిరాజు గారు వాకిట్లో అడ్డంగా నిలబడి, తన కళ్లు పోతాయని, చదువు సాగదని, కావాలంటే కాళ్లు పట్టుకుంటానని అన్నారు. ముసలాయన అంతగా దిగజారడం చూసి సురేష్‌బాబుకి ప్రాణం లేచొచ్చింది. ఏజెంటు వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. సురేష్‌బాబు గొంతు సవరించుకుని, తన సరుకు గొప్పతనం నాలుగు ముక్కలు చెప్పి స్విచ్చు వేశాడు.

అరుగు మీద పట్టపగలైంది. ఏజెంటు వెలుతురుకి అడ్డం వస్తున్నానని కుర్చీలోంచి లేచి స్తంభం పక్కకి జరిగాడు. అచ్చాయమ్మ గారు మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అమ్మా, ముందు నువ్వు చూపించు" అన్నాడు సురేష్‌బాబు.

ఆవిడ మెల్లిగా లేచి, చీర సర్దుకుని, చేతిలో లేసు ముక్కని రెండు చేతులతో చాచింది. "చూడండి బాబూ, అంచు ఎలా కుదిరిందో" అని నవ్వుతూ అడిగింది, ఖాళీ కుర్చీని.

కుర్చీలో ఎవరూ లేరు. ఆవిడ చేతులు చాచి అలాగే నిలబడి ఉంది, జవాబు కోసం. ఏజెంటు అప్పుడు సంచీలో ఏదో వెతుక్కుంటున్నాడు. సురేష్‌బాబు ఒక్కడే చూశాడు.

ఆ తర్వాత లైటు ఆరిపోయింది. పెద్దిరాజు గారు ప్లగ్గు పీకేసి, వైరు చేతికి చుట్టుకుని, తన పుస్తకం పాడైపోతోందని గోల మొదలుపెట్టారు. లోవలక్ష్మి ఆయన్ని తిట్టడం అందుకుంది. మిగతా నలుగురూ గొంతు కలిపారు. భజనమండలిలో కూడా అంత బాగా అందుకోరు. ఆ గోలలో ఎవరో అచ్చాయమ్మ గారిని చెయ్యి పట్టి కూర్చోబెట్టారు. ఏజెంటు విసుక్కుని, పదిహేను రోజుల్లో మళ్లీ వస్తానని, సంచీలో ఒక్క ముక్క తప్పున్నా లైటు కింద అందరిచేతా అల్లించి తీరతానని చెప్పి వెళ్లిపోయాడు.

ఊళ్లో ఎవరు పెద్దిరాజు గారిని తిట్టినా ఒక మాట సాయం వేసే సురేష్‌బాబు ఆ పూట గోల దాటుకుని వెళ్లి షాపు షట్టరు దించేశాడు.

మర్నాడు పొద్దున్నే షాపు తెరవకుండా వెళ్లి ఆయన ఎదురుగా కూర్చున్నాడు. పెద్దిరాజు గారు రీడరు పక్కన పెట్టారు. చెప్పడానికి ఆయనకి రెండు నిమిషాలు పట్టింది. మూడేళ్ల క్రితం రీడరు రిపేరని చెప్పి అచ్చాయమ్మ గారిని భీమవరం కళ్ల డాక్టరు దగ్గరికి బస్సులో తీసుకెళ్లారు. నీటికాసులన్నాడు. పోయిన చూపు రాదు, ఉన్నదాన్ని చుక్కల మందుతో కాపాడుకోవాలి. లైటు చూస్తే చుట్టూ సున్నాలు కనబడతాయి. కొడుకింట్లో పద్నాలుగు సున్నాలు, అందుకే సందెవేళకి అరుగు మీదకి వచ్చేస్తుంది. చీకట్లో అందరూ తడుముకునేవాళ్లే కాబట్టి ఆవిడ ఒక్కతీ తడుముకుంటున్నట్టు ఎవరికీ తెలియదు. తప్పులొస్తే తిట్లు తినడానికి ఆయనున్నారు.

"మరి పెళ్లిలో? పళ్ల డాక్టరు దగ్గర?" అన్నాడు సురేష్‌బాబు.

"అరుగు మీద ఒక్కచోటే ఆర్పితే అనుమానం రాదుట్రా? పిచ్చి అన్నాక అన్నిచోట్లా ఉండాలి."

సురేష్‌బాబు వీధిలో ఇంకెవరికి తెలుసని అడిగాడు.

"అందరికీ. నీకు తప్ప."

"నాకెందుకు చెప్పలేదండి?"

పెద్దిరాజు గారు చెప్పాలా వద్దా అని ఆలోచించారు. "వాడికి గొప్ప చెప్పుకోవడానికి నా చేతిపని ఒకటుంది అన్నయ్యా, అదీ లేకపోతే వాడేం చెప్పుకుంటాడు అంది మీ అమ్మ. నాచేత ఒట్టు వేయించుకుంది."

ఇంతకంటే చేదు మందు భీమవరం డాక్టరు కూడా రాయలేడు. దొరసాని పస్తుల కథ మూడేళ్లుగా తల్లి ఎదుటే వందసార్లు చెప్పాడు. ఆవిడ ప్రతిసారీ తల ఊపింది.

లేవబోతుంటే పెద్దిరాజు గారు కొంచెం సిగ్గుపడుతూ ఇంకోటి చెప్పారు. రోజూ అందరూ వెళ్లాక ఆవిడ ముక్కలు రీడరు వెలుతుర్లో పెట్టుకుని సరిచేస్తున్నది ఆయనేనట. ఐదు రేకుల పువ్వులు అచ్చాయమ్మవి కావు, ఆయన సరిచేసినవి.

"ఇక మీరు ముట్టుకోకండి మావయ్యా" అన్నాడు సురేష్‌బాబు.

వెంట్రుకంత తీగతో ఫ్యాను కాయిళ్లు చుట్టిన వేళ్లు అతనివి. లోవలక్ష్మి దగ్గర మూడు రోజులు కూర్చుని సూది పట్టడం నేర్చుకున్నాడు. రెండు రోజుల్లోనే నేర్చుకున్నానని, మూడో రోజు లోవలక్ష్మికే కొత్త పువ్వు నేర్పానని అంటాడు, అది వేరే సంగతి. పగలు షాపు కౌంటరు కింద తల్లి అల్లిన ముక్కలు పెట్టుకుని, తప్పిన గళ్లు విప్పి, మళ్లీ అల్లి, సాయంత్రానికి గుట్టుగా సంచీలో పెట్టేసేవాడు. కస్టమరు వస్తే పైన టేపు చుట్ట పడేసేవాడు.

పదిహేనో రోజున ఏజెంటు వచ్చాడు. సంచీ విప్పి టార్చి వేసి ప్రతి ముక్కా తిప్పి చూశాడు. అన్నిటికీ ఆరు రేకులే. అయినా ఆయనకి తృప్తి కలగలేదు. చూరుకి ఇంకా వేలాడుతున్న ఫ్లడ్ లైటు చూసి, అది వెయ్యమన్నాడు, ఒకసారి అందరి చెయ్యీ చూస్తానన్నాడు. అరుగు మీద సూదులు ఆగిపోయాయి. పెద్దిరాజు గారు ప్లగ్గు వైపు జరిగారు.

సురేష్‌బాబు ఆయనకంటే ముందే వీధి దాటి వచ్చాడు.

"అది వెలగదండి. పాడైపోయింది" అన్నాడు.

"అదేంటి, మొన్నేగా పెట్టావు?"

"నా షాపు సరుకంతా అంతేనండి. వారం తిరక్కుండా పోతాయి."

వీధంతా వింది. ఎదురుగా 'ఒకసారి వెలిగితే ఆరదు' అన్న బోర్డు చుట్టూ రంగు లైట్లు తిరుగుతూనే ఉన్నాయి. ఏజెంటు అటూ ఇటూ చూసి, ఊరంతా పిచ్చివాళ్లే, ఆ ముసలాయన ట్యాబూ మీరూ అని గొణుక్కుంటూ సంచీ భుజాన వేసుకున్నాడు.

"ట్యాబు కాదండి" అన్నాడు సురేష్‌బాబు. "రీడరు."

ఆ పూట నవల చదువు అయిపోయాక తల్లికి చెయ్యి అందించి వీధి దాటిస్తున్నాడు. ఆవిడ ఆ చెయ్యి వదిలించుకోలేదు. నడుస్తూ, నీ షాపు లైటు పాడవడం ఇదే మొదటిసారి కదరా అంది.

"ఔనమ్మా. ఇంట్లోవి కూడా ఒక్కోటీ పాడైపోతాయి."

"ఇంక దొరసాని కథ చెప్పవా?"

"చెబుతాను. ఈసారి ఆవిడ రెండు నెలలు పస్తుంటుంది."

ఆవిడ నవ్వింది, నవల్లో ఎవరో చచ్చిపోయినప్పుడు నవ్వినట్టే. వెనక నుంచి పెద్దిరాజు గారి గొంతు అరుగు దాటి వచ్చింది. బోర్డు లైటు ఇంకా వెలుగుతోందిరా, కళ్లలో పొడుస్తోంది అని.

సురేష్‌బాబు వెళ్లి ఆర్పేశాడు.