గుర్రం తెచ్చిన కవరు

కువైట్ గొడవ ముదిరి యుద్ధం వస్తుందంటున్న రోజుల్లో నేను సౌదీలో బురైదా బయట ఒక ఖర్జూరపు తోటలో నీళ్ల మోటార్లు చూసుకునేవాణ్ని. ఊళ్లో నా భార్యకు నెలలు నిండాయి. తొలి కాన్పు. మూలలకు పసుపు రాసిన కవరు ఎప్పుడొస్తుందా అని రోజులు లెక్కపెట్టుకుంటూ ఉండేవాణ్ని.

తోటకు పోస్టు రాదు. ఉత్తరాలు టౌన్లో మా యజమాని, అదే మా కఫీల్, ఇంటికి చేరేవి. అక్కడి నుంచి డీజిల్ ట్యాంకర్ నడిపే పాకిస్తానీ భాయ్ వాటిని మా దాకా తెచ్చేవాడు.

తోట లెక్కలు రాసే కాకినాడ గుమాస్తాకు పాత పత్రికలు చదివే పిచ్చి. ఒకసారి గుర్రమెక్కి దూసుకుపోతున్న మనిషి బొమ్మ చూపించాడు.

"చూడవయ్యా, అమెరికాలో తంతి లేనప్పుడు ఉత్తరాలు ఇలాగే వెళ్లేవి. మజిలీకొక కొత్త గుర్రం. కాస్త దూరం పోయాక మనిషి కూడా మారతాడు. సంచి మాత్రం ఆగదు. తంతి తీగ వచ్చేసరికి ఏడాదిన్నరకే దుకాణం కట్టేశారు. అన్నాళ్లలో ఒకే ఒక్క సంచి పోయిందట!"

తోట పనివాళ్లందరూ ఆ గుర్రాలను మెచ్చుకున్నారు. నాకు మాత్రం పోయిన ఆ ఒక్క సంచి మనసులో పడింది. అందులో ఎవరి కాన్పు కబురుందో. నా బుద్ధే అంత.

ఆ రోజు నుంచి ట్యాంకర్‌కు గుర్రమని పేరు పడింది. దూరంగా దుమ్ము లేస్తే చాలు, "గుర్రమొస్తుంది రో!" అని ఎవడో ఒకడు అరిచేవాడు.

రియాద్ మీద క్షిపణులు పడుతున్నాయని రేడియో చెప్పాక గుర్రం రావడం మానేసింది. విషవాయువు వస్తుందన్నారు. గది కిటికీలకు టేపు అంటించాం, తువ్వాళ్లు తడిపి పెట్టుకున్నాం. మోటారు దగ్గర పైపు ఒకటి టప్పుమని పగిలితే నేను బోర్లా పడుకుని చాలాసేపు లేవలేదు. నవ్వారు. నవ్వనీ. చావంటే నాకు భయం, అది దాచుకోలేదు. ఇక్కడ నేను పోతే అక్కడ పుట్టే బిడ్డ ఎవరిని నాన్నా అంటుంది?

పదిహేను రోజులకు, పొద్దున్నే, గుర్రం వచ్చింది.

"లో భాయ్, తుమ్హారా ఖత్," అని కవరు నా చేతిలో పెట్టి, ఆగకుండా పక్క తోటకు వెళ్లిపోయాడు భాయ్.

కవరుకు ఒక మూల చిరిగి ఉంది.

మా దిక్కు చావు కబురు పంపే ఉత్తరానికి ఒక మూల చింపుతారు. చదువు రానివాళ్లకైనా చూడగానే తెలియాలని. నాకు చదువొచ్చు. అయినా చదవలేకపోయాను. తల్లా? బిడ్డా? ఇద్దరూనా? కవరు విప్పనంతసేపు ఇద్దరూ బతికే ఉంటారని ఒక పిచ్చి లెక్క వేసుకుని, దాన్ని పెట్టెలో అడుగున పెట్టి తాళం వేశాను.

రెండు రోజులు అన్నం సహించలేదు. గుమాస్తా "నేను చదివి పెడతానివ్వు" అంటే, "ముట్టకు సార్, ముట్టకు!" అని అతని మీద అరిచాను. ఆకాశం వైపు చూడడం కూడా మరిచిపోయాను. క్షిపణి కంటే ఆ కాగితమే ఎక్కువ భయపెట్టింది.

మూడో రోజు భాయ్ తిరుగుదారిలో ఆగాడు. కవరు తీసుకెళ్లి చూపించాను. చిరిగిన మూల మీద వేలు పెట్టాను.

"యే కిస్‌నే ఫాడా, భాయ్?"

భాయ్ పకపకా నవ్వాడు. కఫీల్ చిన్న కూతురు స్టాంపులు పోగు చేస్తుందట. ఇండియా స్టాంపు కనబడగానే మూలతో సహా లాగేసిందట.

ట్యాంకర్ టైరుకు ఆనుకుని కూర్చుని కవరు విప్పాను. మామ చేతిరాత. ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమం. భాయ్ ముందే ఏడ్చేశాను. తర్వాత తారీఖు చూశాను. రాసి నెల దాటింది. అంటే ఆ నాటికి క్షేమం. మళ్లీ భయం మొదలైంది.

యుద్ధం ఆగింది. కొన్నేళ్లకు తోటలోకే ఫోనొచ్చింది, గుర్రంతో పని తీరిపోయింది. అమెరికా గుర్రాలలాగే.

పని వదిలేసి ఇంటికొచ్చాక ఒకరోజు నా పెట్టె సర్దుతుంటే ఆ కవరు నా భార్య చేతికి దొరికింది. చిరిగిన మూల కథంతా నవ్వుతూ చెప్పాను. ఆమె నవ్వలేదు. కవరును కిటికీ దగ్గరికి తీసుకుపోయి అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇరవై ఒకటోనాడు తానం చేసి నాలుగు మూలలకు నేనే రాసిన పసుపు. ఒక మూల పోతే పాయె. మిగిలిన మూడు మూలలు కండ్లవడలేదా నీకు?"

చూశాను. వెలిసిపోయినా పచ్చగానే ఉన్నాయి, మూడూ.

"కనవడలే," అన్నాను.

"గట్లయితే రెండు దినాలు నన్ను సంపి పెట్టెల పెట్టుకున్నవన్నట్టు," అంది.