చదివి పెట్టిన సంతకం

నారాయణఖేడ్‌లో పంతులుగా చేరిన కొత్తలో, నా మొదటి ఎన్నికల డ్యూటీ మనూర్ వైపు ఒక చిన్న ఊళ్లో పడింది. బడిలోనే పోలింగు. ఎదురెదురు పార్టీల ఏజెంట్లు ఇద్దరొచ్చారు. వరసకు బావా బామ్మర్దులు. గదిలో ఉన్న ఒక్క బెంచీ మీదే పక్కపక్కన కూర్చున్నారు.

"మావోడు ఎట్లైనా ఓడిపోయేటోడే సార్. జెర నీడకన్న కూసోనియ్యుండ్రి" అన్నాడు బావ. బామ్మర్ది నవ్వి, బీడీ కట్ట అతని వైపు జరిపాడు.

మధ్యాహ్నం బావ ఇంటి నుంచి జొన్నరొట్టెలు, పుంటికూర వచ్చాయి. బామ్మర్దికీ, మాకూ, బందోబస్తుకొచ్చిన పోలీసుకూ అదే మూటలోంచి పంచారు. ఏజెంట్ల ఇంటి తిండి తినకూడదని తెలిసీ తిన్నాను. ఆ కూర పులుపు ఇంకా గుర్తుంది.

సాయంత్రం బ్యాలెట్ పెట్టెకు లక్కతో సీలు వేయాలి. కిటికీకి రెక్కలు లేవు. గాలికి కొవ్వొత్తి ఆరిపోతూనే ఉంది. ఇద్దరూ లేచొచ్చి చెరో పక్క చేతులు అడ్డం పెట్టారు. లక్క చుక్క బావ వేలి మీద పడితే బామ్మర్ది ఊదాడు. పోలైన ఓట్ల లెక్క రాసిన కాగితాలు ముందు పెట్టి చదువుకోమన్నాను. "మీరు రాసిండ్రు గద సార్, ఇగ మేం చూసేదేముంది" అని ఇద్దరూ సంతకాలు పెట్టేశారు. ఆ రాతలో నా తప్పేమైనా ఉందేమోనని, వాళ్లు వెళ్లాక నేనే రెండుసార్లు సరిచూసుకున్నాను.

నా చివరి డ్యూటీ రిటైరయ్యే ముందు, సిర్గాపూర్ వైపు పడింది. ఇప్పుడు పెట్టె లేదు, మిషన్ ఉంది. ఏజెంట్లలో ఒకడు నా పాత విద్యార్థి. ఆరో తరగతిలో తేలు కుడితే నా సైకిల్ మీద దవాఖానకు తీసుకెళ్లిన పిల్లవాడు. నమస్తే పెట్టాడు కానీ కళ్లు మిషన్ మీదే ఉన్నాయి. రెండో ఏజెంటు అతని ఎదురింటివాడట. ఇద్దరూ గదికి ఆ మూలొకరు, ఈ మూలొకరు కూర్చుని, తెచ్చుకున్న డబ్బాలు గోడ వైపు తిరిగి తిన్నారు.

మధ్యాహ్నం మిషన్ బ్యాటరీ దిగిపోయి ఓటింగు ఆగింది. పై అధికారికి ఫోన్ చేశాను. కొత్త బ్యాటరీ వచ్చేలోగా బయట కేకలు మొదలయ్యాయి. కావాలనే ఆపారని ఒక వర్గం, మిషనే మార్చేస్తున్నారని ఇంకో వర్గం. నా విద్యార్థి లేచి నిలబడ్డాడు.

"సార్, మీ ఓటు ఎవలకేసిండ్రు? ముందుగాల గది చెప్పుండ్రి."

ముప్పై ఏళ్లకు పైగా ఈ తాలూకాలో పనిచేశాను. ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. కోపం వచ్చింది, దిగమింగాను. ఇద్దరినీ బల్ల దగ్గరకు పిలిచాను. వాళ్ల ముందే బ్యాటరీ మార్పించి, మిషన్‌లో పడిన ఓట్ల లెక్కను, రిజిస్టరులో ఓటర్ల సంతకాలతో పోల్చి చూపించాను. సరిపోయింది. ఎదురింటివాడు తన మూలకు వెళ్లి కూర్చున్నాడు. నా విద్యార్థి మొదటినుంచి మళ్లీ లెక్కపెట్టమన్నాడు. పెట్టాను.

పోలింగు ముగిశాక సంతకాల కోసం చివరి లెక్క కాగితం ఇచ్చాను. నా విద్యార్థి వేలు పెట్టి ఒక్కో వరసా చదివాడు. అయిపోయాక మళ్లీ చదివాడు. నా మీద అంత అనుమానమా అని ఉండబట్టలేక అడిగాను.

"సదువకుంట సంతకం పెట్టొద్దని మీరే చెప్పిండ్రు గద సార్" అన్నాడు, తలెత్తకుండా.

నిజమే, తరగతిలో నేనే చెప్పాను. నేర్పిన పాఠం నేర్చుకున్నాడని సంతోషించాలో, నన్నే నమ్మలేదని బాధపడాలో తెలియలేదు. సంతకం పెట్టి, పెన్ను మూత బిగించి నా చేతికిచ్చాడు.

తర్వాత కొన్నాళ్లకు ఖేడ్ బస్టాండులో కనిపించాడు. నా చేతిసంచి అందుకుని, మోకాళ్ల నొప్పులు ఎట్లున్నాయని అడిగాడు. చాయ్ తాగాం. వానల సంగతి, కంది పంట సంగతి మాట్లాడుకున్నాం. ఒకప్పుడైతే ఈ బస్టాండులో చాయ్ గ్లాసు అందుకోగానే మొదటి మాట ఎవరు గెలుస్తారనే. ఆ రోజు ఆ మాట ఇద్దరమూ ఎత్తలేదు. బస్సు వచ్చింది. నన్నెక్కించి, సంచి ఒళ్లో పెట్టి, "పైలం సార్" అన్నాడు.