పత్తి గోడౌనులో నా మొదటి పోటీ

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఏడాదికి రెండే కాలాలు. ఊళ్ళో ఉన్న కాలం, సుగ్గికి పోయిన కాలం. ఎమ్మిగనూరుకు కాస్త దూరంలో మాది మెట్ట ఊరు. పత్తి ఏరడం అయిపోగానే అక్కడ పని ఉండేది కాదు. మా అమ్మా నాన్నా మూటలు కట్టుకుని గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోయేవాళ్ళు. దాన్నే మేము సుగ్గి అంటాము. వాళ్ళ వెంట నేనూ పోవాల్సిందే. తిరిగి వచ్చేసరికి బడిలో పరీక్షలు దగ్గరపడి ఉండేవి. మిగతా పిల్లలు ఎక్కడో ముందుంటే, నేను ఎప్పుడూ వెనక నుంచి పరిగెత్తుతున్నట్టుండేది. పదకొండేళ్ళకే నాకు అలుపంటే ఏమిటో తెలుసు.

ఆ ఏడాది మా డ్రిల్లు అయ్యవారు బడికి రెండు వెదురు విల్లులు తెచ్చారు. బోరింగు కొట్టి కొట్టి నా చేతులు గట్టిపడి ఉన్నాయేమో, మగపిల్లలు లాగలేని విల్లును నేను లాగాను. కొన్ని నెలలకు ఒక కబురు వచ్చింది. కర్నూలులోని క్రీడల హాస్టలుకు మా వైపు నుంచి ఇద్దరు ఆడపిల్లలను తీసుకుంటారట. ఆదోనిలో పోటీ పెట్టి ఎంచుకుంటారట. ఎంపికైతే తిండీ చదువూ ఏడాది పొడుగునా అక్కడే. ఇక సుగ్గికి పోనక్కరలేదు. 

మా పక్కింటి అక్క ఆదోనిలో ఒక పత్తి మిల్లులో పనిచేసేది. పొద్దున్నే బస్సెక్కి పోయి, దీపాలు పెట్టే వేళకు జుట్టంతా దూది పీచుతో తిరిగి వచ్చేది. చూస్తే ముసలమ్మ అనుకుంటారు, నిండా ఇరవై అయిదేళ్ళు లేవు. బడిలో ఉన్నప్పుడు ఆమె కూడా బాణాలు వేసేదట. వాళ్ళ నాన్న మంచాన పడడంతో చదువూ విల్లూ రెండూ ఒకేసారి ఆగిపోయాయి. ఆమె దాని గురించి ఎప్పుడూ మాట్లాడేది కాదు. నా పోటీ సంగతి తెలిశాక మాత్రం, పని నుంచి వచ్చి ముఖమైనా కడుక్కోకుండా మా ఎనుముల కొట్టంలోకి వచ్చింది.

గుంజకు గోనెసంచి కట్టి, బొగ్గుతో గుండ్రాలు గీసింది. వారం రోజులు అక్కడ ఏమేం జరుగుతుందో చెప్పి నేర్పింది. రెండు ఈలలు వినబడితే గీత మీదికి రావాలి. ఒక్క ఈలకు, తాడు గడ్డానికి ఆనేదాకా లాగి బాణం వేయాలి. మూడు ఈలలు వేసేదాకా బాణాలు తెచ్చుకోవడానికి కదలకూడదు. ఈలలు వరసగా మోగుతూనే ఉంటే ఏదో అపాయమని అర్థం, లాగిన విల్లు కూడా దించేయాలి. గురిలో దిగిన బాణాన్ని మార్కులు రాసుకోకముందు వేలితో కూడా ముట్టకూడదు. విడతకు మూడు బాణాలు, మొత్తం ఇరవై విడతలు. మూడు బాణాలు వేయగానే నన్ను కూర్చోబెట్టి, తాను ఎనుములకు గడ్డి వేసి వచ్చేది. నాకు విసుగొచ్చేది. "ఎందుకక్కా, ఎయ్యనీ" అంటే వినేది కాదు.

"ఆడ బాణం ఏసేది ఇంతే పాపా. కూసోనుండేదే శానా. కూసోని కూసోని సేతులు సల్లబడతాయి. అప్పుడు లేసి ఎయ్యాల" అనేది. పోటీ గోడౌను లోపలికి మారిందన్న కబురు రాగానే ఇంకోమాట కూడా చెప్పింది. "కప్పు కింద గాలుండదు. బయట తప్పిపోతే గాలి మీదికి తోసేస్తాం. ఆడ అట్ల కుదరదు."

పోటీ మైదానంలో జరగాల్సింది. కానీ ముసురు పట్టి నాలుగు రోజులు వదల్లేదు. నల్లరేగడి నేల బురదైపోయింది. ఎవరో వ్యాపారి ఖాళీగా ఉన్న తన పత్తి గోడౌను ఇచ్చారు. అయ్యవారు మగపిల్లలను తీసుకుని వేరే ఊరికి పోవాల్సి రావడంతో, నాతో అక్క వచ్చింది. ఆ ఒక్క రోజు సెలవు కోసం ముందురోజు పగలూ రాత్రీ రెండు పాళీలు పని చేసిందని బస్సులో తెలిసింది. కూర్చున్న చోటే ఆమె కళ్ళు మూతలు పడుతుంటే, తలను కిటికీ ఊచకు ఆనించుకుంది.

గోడౌను లోపల ఆమె చెప్పినవన్నీ ఉన్నాయి. గడ్డి చుట్టలకు అంటించిన రంగు కాగితాలు, బాణాలు గోడకు తగలకుండా వెనక వేలాడదీసిన గోనెపట్టలు, నేల మీద సున్నం గీత. చెప్పనిది ఒక్కటే, చప్పుడు. రేకుల మీద వాన దడదడలాడుతోంది. దానికి తోడు పన్నెండు మంది పిల్లలు ఒకేసారి నారి వదిలితే, ఆ శబ్దం గోడలకు కొట్టుకుని మళ్ళీ మా మీదికే వచ్చేది. మొదటి బాణానికే ఉలిక్కిపడ్డాను. అది గురి అంచును కూడా తాకకుండా గోనెపట్టలో ఇరుక్కుంది.

వెంటనే వెనక్కి తిరిగి చూశాను. అక్క తలుపు దగ్గర ఖాళీ సంచుల కుప్ప మీద కూర్చుని ఉంది. ముఖం వాడిపోయి ఉంది. నా బాణం చూసే అట్లా అయిందనుకున్నాను. రెండో బాణం ఇంకా కిందికి పోయింది. మళ్ళీ తిరిగి చూశాను. ఇక అదే వరస. ఆమె కనుబొమలు ముడిపడితే లాగిన తాడు దించి మళ్ళీ లాగేదాన్ని. ఆమె చిన్నగా తలూపితే, ఎందుకూపిందో తెలియక తొందరపడి వదిలేసేదాన్ని. పది విడతలు అయ్యేసరికి పన్నెండు మందిలో ఏడోదాన్నయ్యాను.

భోజనాల వేళ అక్క జొన్నరొట్టె, ఊరిమిండి అనే వేరుశనగల పచ్చడి విప్పింది.  తప్పులన్నీ విడమరిచి చెబుతుందని ఎదురుచూశాను.  ఆమె సగం రొట్టె తిని, నీళ్ళు తాగి, "నేను కొంచేపు తల వాలుస్తా పాపా, కాళ్ళు గుంజుతాండాయి. నువ్వు పోయి ఏసుకో" అంది.

పదకొండో విడతలో మొదటి బాణం వేసి తిరిగి చూస్తే, అక్క సంచుల మీద ఒరిగి, ముఖం మీద కొంగు కప్పుకుని నిద్రపోతోంది. నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. సుగ్గికి పోతానో, చదువుకుంటానో ఇక్కడే తేలాలి. నన్ను తెచ్చిన మనిషి నిద్రపోతోంది! రెండు మూడుసార్లు చూశాను. కొంగు కదల్లేదు. తర్వాత చూడడం మానేశాను. చూసి ఏం లాభం? ఎదురుగా గురి మధ్యలోని పసుపు చుక్క ఒక్కటే మిగిలింది. ఆ కోపంలోనే వాన చప్పుడు వినబడడం ఎప్పుడు ఆగిందో నాకు తెలియదు. వాన మాత్రం ఆగలేదు. ఈల వినబడేది, లేచేదాన్ని, మూడు వేసేదాన్ని, కూర్చునేదాన్ని. ఒక విడతలో మూడు బాణాలూ ఒకదానికొకటి ఆనుకుని పసుపులో దిగాయి. నా పక్కన వేస్తున్న దేవనకొండ పిల్ల, "ఏమే, నువ్వేనా పొద్దున ఏసింది?" అంది.

చివరికి మార్కులు కలిపారు. నేను మూడోదాన్ని. రెండు మార్కుల తేడాతో దేవనకొండ పిల్ల రెండోది. హాస్టలుకు ఇద్దరినే తీసుకుంటారు.

 తిరుగు బస్సులో సగం దారి పోయాక ఉండబట్టలేక, "నువ్వు నిద్రపోయినావు" అన్నాను.

"ఊఁ" అంది. కిటికీలోంచి తడిసిన చేలు చూస్తూనే అడిగింది. "పదైదో విడతలో రెండో బాణం ఎందుకట్ల ఇడిసిపెట్టినావు, తాడు గడ్డానికి ఆనకముందే?"

 అది నిజం. ఆ బాణం సంగతి నాకు తప్ప ఇంకెవరికీ తెలియదనుకున్నాను.

"కొంగు పల్సన పాపా. అన్నీ కనపడతాయి" అంది. "నువ్వు గురిని సూడకుండా నా మొగం సూస్తాంటివి. నా మొగంలో ఏముంది? అలుపుంది. నా అలుపు నీ బాణానికెందుకు?"

అప్పుడు ఏడ్చాను. ఓడినందుకు ఏడ్చానో, ఆమెను తిట్టుకున్నందుకు ఏడ్చానో ఇప్పటికీ తేల్చుకోలేదు. అక్క నా తలను తన ఒళ్ళోకి తీసుకుంది. ఊరు వచ్చేలోపు ఆమె నిజంగానే నిద్రపోయింది. స్టాపు వచ్చిందని నేనే లేపాను.

ఆ ఏడు సుగ్గికి పోయాను. మిరపకాయల మంటకు వేళ్ళు వాచి, రాత్రిళ్ళు నీళ్ళగిన్నెలో పెట్టుకుని కూర్చున్నాను. మరుసటి ఏడు మళ్ళీ పోటీ పెట్టారు. అక్కకు సెలవు దొరకలేదు. అయ్యవారితో పోయి, మొదటిదాన్నయ్యాను. హాస్టలు, చదువు, తర్వాత డ్రిల్లు టీచరు ఉద్యోగం, అన్నీ ఆ గీత మీద నిలబడే వచ్చాయి. అక్క మాత్రం ఇంకా పదేళ్ళు ఆ మిల్లులోనే దూది ఏరింది. దగ్గు మొదలయ్యాక మానేసింది. నా మొదటి జీతంతో చీర కొనిపోతే, "ఇంత మందం చీరేం చేసుకుంటా, ఉక్క" అని నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే దగ్గు వచ్చింది.

ఇప్పుడు నేను పిల్లలను పోటీలకు తీసుకుపోతుంటాను. పెద్ద హాళ్ళు, ఈలల బదులు రంగు దీపాలు, సెకన్లు లెక్కపెట్టే గడియారాలు. మొదటిసారి వచ్చిన పిల్ల ప్రతి బాణానికీ వెనక్కి తిరిగి, ఫోను పట్టుకుని నిలబడిన తల్లి ముఖం వెతుక్కుంటుంది. ఆ తల్లులను మెల్లగా టీ తాగుదాం రమ్మని బయటికి తీసుకుపోతాను. కొందరికి కోపం వస్తుంది. రానీ అనుకుంటాను. మోకాళ్ళ నొప్పులతో రోజంతా నిలబడ్డాక వాళ్ళకు నచ్చజెప్పే ఓపిక కూడా ఉండదు.

పోయిన ఏడాది మా ఆయన గుండె ఆపరేషనుకు ముందు డాక్టరు నా చేతికి కాగితం ఇచ్చి సంతకం పెట్టమన్నారు. ఏమైనా జరగవచ్చని చదివి వినిపించారు. అలవాటుగా మెడ వెనక్కి తిరిగింది. మా పిల్లలున్నారు, ఆడబిడ్డ ఉంది. అందరూ మూడు రోజులుగా నిద్రలేని ముఖాలతో నా వైపే చూస్తున్నారు. వాళ్ళ అలుపు వాళ్ళది. నేను కాగితం వైపు తిరిగి, చదవాల్సింది ఇంకోసారి చదివి, సంతకం పెట్టాను.  ఆ సంతకం నాదే.