బస్సెక్కే వంతు

మొన్న నిజామాబాద్ బస్టాండులో ఒకాయన కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టాడు. ఆ తువ్వాలు మీదే ఇంకొకాయన కూర్చున్నాడు. ఇద్దరూ ఒకరి వంశాన్ని ఒకరు తవ్వుకుంటుంటే, ఫుట్‌బోర్డు మీద ఒంటికాలితో నిలబడి నేను నవ్వుకున్నాను. బస్సెక్కే మనిషి కోసం మా ఊళ్లో ఇల్లిల్లూ వెతికిన రోజులు గుర్తొచ్చాయి మరి.

మాది రుద్రూర్ అవతల, చెరకు తోటల్లో దారి తప్పి ఆగిపోయినట్టుండే చిన్న ఊరు. బోధన్ పోవాలంటే చెరకు బండే గతి. ఊళ్లో బడి ఏడో తరగతితో అయిపోయేది. నేనప్పటికే బోధన్‌లో ఎనిమిది తప్పి వచ్చి ఎద్దులకు చదువు చెబుతున్నాను. చెల్లె మాత్రం ఏడు పాసై, బోధన్ బడికి పంపమని అన్నం మానేసింది. అంటే, అవ్వ చాటుగా ఇచ్చిన జొన్నరొట్టె తింటూ మానేసింది. "బస్సొస్తె పంపుత. ఆడపిల్లను చెరకు బండి మీద తోలమంటవా?" అన్నాడు బాపు. బస్సు ఎలాగూ రాదని ఆయన ధైర్యం. ఖర్మకొద్దీ వచ్చింది. "కొన్ని దినాలు సూస్త. ఎక్కెటోళ్లు లేకుంటె బంద్ జేస్త," అని డిపో సారు ముందే చెప్పాడు.

మొదటిరోజు ఊరంతా ఉతికిన బట్టలు కట్టుకొని రోడ్డు మీదికొచ్చింది. బస్సుకు పసుపు పూసి, కొబ్బరికాయ కొట్టి, డ్రైవరుకు దండ వేసి, భక్తిగా పక్కకు జరిగి దారిచ్చింది. ఎక్కింది చెల్లె ఒక్కతే.

"గింతమంది ఉన్నరు, ఒక్కరు ఎక్కరేందవ్వా?" అన్నాడు కండక్టర్.

"మాకు బోధన్ల ఏం పనుంది బిడ్డా?" అంది అవ్వ.

నిజమే. పనున్నవాడికి చెరకు బండి ఊరికే దొరుకుతుంది. కానీ ఒక్క పిల్ల కోసం బస్సు నడవదని కండక్టర్ తేల్చేసరికి చెల్లె ముఖం వాడిపోయింది. అవ్వకు రోషం వచ్చింది. "కాలువ నీళ్లకు వంతులు వెట్టుకుంటలేమా? బస్సుకు గూడ గట్లనే పెట్టుండ్రి," అని ఊరిమీద పడింది. అలా రోజుకు కొన్ని ఇళ్లవాళ్లు పనిలేకపోయినా బోధన్ పోయి, బస్టాండులో చాయ్ తాగి, ఈగలు తోలుకొని తిరిగి వచ్చేవాళ్లు. మా కాక అయితే "ఉత్తగ కూసుంటె పొద్దువోతలేదు" అని బాగున్న పన్ను పీకించుకొచ్చాడు. చెల్లెకు మాత్రం నిలకడ లేదు. పొద్దున్నే జడ సగం అల్లుకొని, ఎవరి వంతో వాళ్ల వాకిట్లో నిలబడి "పెద్దవ్వా, లేసినవా? చీర కట్టినవా?" అని ప్రాణం తీసేది.

చెరకు కోత మొదలవగానే వంతులన్నీ తోటల్లో కలిసిపోయాయి. ఒకరోజు బస్సులో మళ్లీ చెల్లె ఒక్కతే. "ఇయ్యాల గిట్లనే పోతే రేపు రాము," అన్నాడు కండక్టర్. వెనకే మా చెరకు బండ్లు వరసగా ఆగి ఉన్నాయి. అవీ బోధన్‌కే, చక్కెర ఫ్యాక్టరీకి. ముందు బండి మీదున్న బాపు చెల్లెను చూశాడు, బస్సును చూశాడు, పగ్గాలు నా చేతిలో పెట్టి దిగాడు.

"ఏందయ్యా, అందరు గట్ల సూస్తరు? దిగుండ్రి. బండ్లు పోరగాళ్లు తెస్తరు," అని అరిచాడు.

బండ్లమీది పెద్దమనుషులంతా గొణుక్కుంటూ దిగి, ధోవతులు దులుపుకొని బస్సెక్కారు. బాపు చెల్లె పక్కన కూర్చొని టికెట్ తీసుకున్నాడు, ఎటు పోవాలో తెలియనివాడిలా కండక్టర్‌నే అడిగి మరీ. మేము బస్సు లేపిన దుమ్ము తింటూ ఎద్దులను అదిలించాం. ఎప్పటికో ఫ్యాక్టరీ గేటు చేరితే, "ఇంతసేపా?" అని తిట్టాడు బాపు.

చెల్లె పదో తరగతి దాకా ఆ బస్సులోనే చదివింది. అప్పట్లో బస్సు వచ్చేదాకా ఒక్కో పొద్దు ఒక యుగంలా ఉండేది. ఇప్పుడు తలచుకుంటే ఆ ఏళ్లన్నీ కలిపినా ఒక్క ట్రిప్పంత లేవు.