నాగపూర్ మామ నాలుక మీద తునికి కాయ

పెళ్లికాని ఆ రోజుల్లో నాకు జీతం తక్కువ, సిద్ధాంతాలు ఎక్కువ. సారపాక దగ్గర ఒక వెదురు డిపోలో గుమాస్తాగా చేరిన కొత్తలో పుట్టింది వాటిలో గొప్పది: పేరు తెలియని రుచి నాలుకకూ తెలియదు, మాట మరిచిపోతే రుచీ పోతుంది. డిపోలో తెలుగు, కోయ, హిందీ, అరవం అన్నీ వినబడేవి కనుక నాలుకల మీద తీర్పులిచ్చే హక్కు నాకు వచ్చేసిందనుకున్నాను. (ఆ నాలుగింటిలో నాకు వచ్చింది ఒకటే. మేనేజరు ఎదురుపడితే అదీ వచ్చేది కాదు.)

అప్పుడే కారేపల్లి సంబంధం వచ్చింది. అమ్మాయిని ఒక్కసారి చూశాను. ఆ వారమంతా వెదురు లారీలను యూకలిప్టస్ లారీలని రాసుకున్నాను. చిక్కల్లా, మేం కృష్ణా వైపు నుంచి ఏన్కూరు వచ్చి సేద్యం చేసుకుంటున్నవాళ్లం. "ఆంధ్రోళ్ల పిలగాడు, మన అడవి దిక్కు ఇముడుతడా?" అని వాళ్లింట్లో అనుమానం. తేల్చాల్సింది అమ్మాయి మేనమామ. రైల్వే ఉద్యోగంతో నాగపూర్‌లో స్థిరపడి, సగం తెలుగు మరిచిపోయిన పెద్దమనిషి. ఆయన ఊఁ అంటేనే పెళ్లి.

ఒక ఎండాకాలం పొద్దున ఆయనా, కాబోయే మామగారూ నా ఉద్యోగం చూడటానికి డిపోకు వచ్చారు. చాయ్ తాగుతూ మేనమామ, "చిన్నప్పుడు తునికి పండ్లు మస్తు తింటుంటిమి. గిప్పుడు దొరుకుతయా బాబూ?" అన్నాడు. దొరకడమేమిటి, డిపో వెనకాలే చెట్టు, బీడీలు చుట్టే ఆకుది! ఇక్కడే నాలోని శాస్త్రవేత్త లేచాడు. పండు ఎవరైనా పెడతారు. కాయ పెడితే? వగరు అనే మాట మరిచిన నాలుకకు వగరు తెలుస్తుందా? పసుపు తిరిగీ తిరగని కాయలు దోసెడు తెంపి, కడిగి (పరిశోధనలో శుభ్రత ముఖ్యం), స్టీలు ప్లేటులో పెట్టాను.

మేనమామ ఒకటి నోట్లో వేసుకుని గట్టిగా నమిలాడు. నమలడం ఆగింది. బుగ్గలు లోపలికి పోయాయి, కళ్లు చిన్నవయ్యాయి, పెదాలు తాడు బిగించిన సంచి మూతిలా దగ్గరకొచ్చాయి. సరిగ్గా అప్పుడే మామగారు అడిగారు: "ఏంది బావా, పిలగాడెట్లున్నడు? ఖాయం చేద్దమా?"

మేనమామ తల అడ్డంగా ఊపాడు. గట్టిగా.

"వద్దా? ఏమైంది? తాగుతడా ఏంది?"

మళ్లీ అడ్డంగానే.

"తాగుతడా, తాగడా? నోరు తెరిచి చెప్పరాదు!"

నోరు తెరుచుకుంటేగా! ఆయన ఎలాగో నాలుక బయటపెట్టి, చెయ్యి ఆడిస్తూ, "జబాన్... జబాన్ పట్టుకున్నది... అరె, దాన్నేదో అంటరు గదా..." అని తడుముకుంటున్నాడు. నా పెళ్లి వెళ్లి ఆయన నాలుకకు అతుక్కుని కూర్చుంది. నీళ్లిచ్చాను. లాభం లేదు.

ఉన్నట్టుండి బెంచీ మీద ఒక్క చరుపు చరిచాడు. "వగరు! వగరు బావా! కాయలు తినకురా, వగరుంటయి అని మా అమ్మ తిడుతుండె. ఎన్నేండ్లకు యాదికొచ్చింది!" కళ్లు తుడుచుకుని, నవ్వుతూ ఇంకో కాయ అందుకున్నాడు. "గీ పిలగాడే ఖాయం. ఇగ మాట్లాడకు."

అలా నా సిద్ధాంతం ఓడింది, నేను గెలిచాను. మాట రుచిని తేలేదు. రుచే వెళ్లి మాటను వెతికి పట్టుకొచ్చింది.

ఈ కథ చాలా ఏళ్లు ఇలాగే చెప్పుకున్నాను. ఒకసారి మా ఆవిడ (ఆ కారేపల్లి అమ్మాయే) వంటింట్లోంచి తొంగిచూసి, "ఏం ప్రయోగమయ్యా, నీ మొకం! పండేదో కాయేదో తెల్వక తెంపినవ్ గద!" అంది. నిజమే. తునికి చెట్టు కింద నిలబడటం నాకదే మొదటిసారి. పసుపు కనబడితే పండే అనుకున్నాను. సిద్ధాంతం పెళ్లయ్యాక తీరిగ్గా పుట్టింది.

ఇప్పుడు మాత్రలు మింగీ మింగీ నాలుక మొద్దుబారింది. కూరలో ఉప్పు సరిపోయిందో లేదో మా ఆవిడ మొహం చూసి చెబుతున్నాను. మొన్నటి ఎండల్లో ఆవిడ ఎక్కణ్ణుంచో ఒక తునికి కాయ తెచ్చి చేతిలో పెట్టింది. కొరికాను. కర్రముక్క కొరికినట్టే ఉంది. "ఎట్లున్నది?" అంది ఆశగా. చిన్నబుచ్చుకుంటుందని "వగరు" అన్నాను. అన్నానో లేదో, నా బుగ్గలు వాటంతటవే లోపలికి పోయాయి.

"అచ్చం మా మామ లెక్కనే పెట్టినవ్ మూతి!" అని ఆవిడ ఒకటే నవ్వు.

ఆ పాత సిద్ధాంతాన్ని మళ్లీ బయటికి తీద్దామా అని చూస్తున్నాను.