పక్కింటి రాగి బాయిలరు

ఈ ఉదయం కెటిల్ అడుగున కుళాయి నీళ్లు కట్టిన తెల్లటి పెచ్చు గీకుతుంటే సుబ్బమ్మ గుర్తొచ్చింది.

నా చిన్నప్పుడు ఏలూరులో మా పక్కింటి సుందరం వాళ్లు స్నానాల నీళ్లకు రాగి బాయిలరు కొన్నారు. "మీ మసికుండకు కుళాయి ఏదిరా?" అని వాడు నవ్వేవాడు. నాకు కడుపు మండిపోయేది.

బావినీళ్లకు లోపల సున్నం పేరుకుంటుందని, వాళ్ల పనిమనిషి సుబ్బమ్మ కాలువ నీళ్లే మోసుకొచ్చి దాన్ని నింపేది. ఆ వేసవంతా నేను పొద్దున్నే గోడ దూకి, అందులో బావినీళ్లు కలిపాను. బాయిలరు పాడవుతుందనుకున్నాను గానీ, ఒకరు మాట పడతారని తోచలేదు.

బాయిలరు కుళాయి సున్నంతో పూడుకుపోయింది. "బద్ధకించి బావినీళ్లు పోశావు" అని సుందరం తల్లి సుబ్బమ్మను మాన్పించేసింది.

సుబ్బమ్మ మా గుమ్మంలో ఆగి, "మీరైనా నమ్మండి బాబూ, కాలువ నీళ్లేనండీ" అంది. తెలియనట్టు తల ఊపాను.

నువ్వు పోసినవి కాలువ నీళ్లే, సుబ్బమ్మా. బావినీళ్లు నేను పోశాను.