నక్షత్రం కడుపులో ఇనుము

నాచారం ఫ్యాక్టరీల వెనక బస్తీలో అంగన్‌వాడీ నడిపే కామాక్షి టీచరుకు ఒక జబ్బుంది. ఏదడిగినా మొదట్నుంచీ చెప్పాలి. పాలు విరిగాయంటే పాఠం, పిల్లాడికి దగ్గంటే పాఠం. ఇంటర్లో సైన్సు చదువుతుండగానే పెళ్లి చేసేశారు మరి, ఆ కసంతా బస్తీ మీద తీర్చుకునేది. ఆడవాళ్లు చాటుగా నవ్వుకునేవాళ్లు, కాన్పు దగ్గరపడితే మాత్రం ఆమె చెయ్యే పట్టుకునేవాళ్లు.

రెండువేల ఎనిమిదిలో ఆమె ఫికరంతా త్రివేణి గురించే. ఏడో నెల, తొలి చూలు, ఒంట్లో రక్తం లేదు. ఇచ్చిన ఐరన్ గోలీలన్నీ కరివేపాకు చెట్టు మొదట్లో తేలుతున్నాయి. అది అత్త వెంకటనర్సమ్మ పని. గోలీ మింగితే మనవడు నల్లగా పుడతాడని ఆమె భయం.

కామాక్షికి ఒళ్లు మండింది. వాళ్ల వాకిట్లోనే చతికిలబడి అందుకుంది.

"ఇనుమంటే ఏమనుకుంటున్నవక్కా? భూమి లేనప్పుడే పెద్ద నక్షత్రాల కడుపుల తయారైంది. సన్న రేణువులు అతుక్కుంట బరువైతయి, గా అతుకుల్లనే వేడి పుడతది. గా వేడితోనే నక్షత్రం నిలబడతది. ఇనుము దాకా వచ్చినంక ఎంత అతికినా వేడి రాదు."

"రాకుంటే?"

"తన బరువుకు తనే కూలి పేలిపోతది. గా దుమ్ముల నుంచే భూమి పుట్టింది. గా ఇనుమే మన నెత్తుర్ల..."

"ఆగు టీచరమ్మా. ఇనుము పుట్టంగనే నక్షత్రం సచ్చిందా? గసొంటిది నా కోడలికి మింగవెడ్తవా?"

గోలీ సంగతి గోలీతో తేల్చక ఆకాశానికి ఎందుకెక్కానని కామాక్షి తనను తనే తిట్టుకుంది. చెప్పింది అబద్ధమూ కాదు, వెనక్కి తీసుకోవడానికి. ఈ పిల్లకు ఏమన్నా అయితే పాపం తనదే అనిపించి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

గడపలో చిక్కుడుకాయలు తుంచుతున్న త్రివేణి చేట పక్కన పెట్టింది. తల్లి లేని పిల్లని అందరికీ తెలుసు, ఆ తల్లి ఎట్లా పోయిందో ఆ ఇంట్లో ఎవరూ అడిగింది లేదు.

"మా అమ్మ గూడ గట్లనే వోయింది అత్తమ్మా. నన్ను కన్నది, రక్తం సాలక పోయింది. ఒక్క గోలీ మింగలే ఆమె. అయినా నేను నల్లగనే పుట్టిన."

వెంకటనర్సమ్మ కోడలి ముఖంలోకి చూసింది.

"నా బిడ్డను నేనే సాదుకోవాలె," అంటూ త్రివేణి గోలీ కోసం టీచరు ముందు చెయ్యి చాపింది. "జర నీళ్లియ్యి అత్తమ్మా."

వెంకటనర్సమ్మ లేచి లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చింది.